క్యారవాన్ క్లబ్బుకు ఏటా చందా కట్టడం దండగా, అవసరమా?

నమస్తే సార్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. లెక్చరర్‌గా ఉద్యోగ విరమణ చేశాక పాత ట్రావెలర్ మినీ బస్సు కొని, లోపలే వండుకుని పడుకునే క్యారవాన్‌గా మార్పించుకున్నారు. నల్లగొండ నుంచి మేడమ్ గారితో కలిసి ఏడాదికి నాలుగైదు సార్లు బయలుదేరాలని మీ కోరిక. హైదరాబాద్‌లోని ఒక క్లబ్బు వాళ్లు ప్రవేశ రుసుము పది వేలు, ఆపైన ఏటా ఆరు వేలు కట్టమంటున్నారు. ఇంగ్లండ్‌లో ఉన్న మీ బావమరిది ‘ఆలోచించే పనే లేదు, కట్టు బావా’ అంటున్నారు. మీ అబ్బాయేమో శుద్ధ దండగ అంటున్నాడు. ఎవరి మాట వినాలన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. పదహారు వేలు ఇప్పుడే వాళ్ల చేతిలో పెట్టకండి. ముందు ఆ క్లబ్బు కార్యదర్శిని అడిగి, అయ్యే ఖర్చు ఇచ్చి, అతిథులుగా రెండు రాత్రులు వాళ్ల మజిలీల్లో ఉండి చూడండి. అది కూడా చలికాలంలో కాదు, ఏప్రిల్‌లోనో మే నెలలోనో. క్లబ్బే వద్దని నేను అనడం లేదు. మంచి మజిలీలున్న క్లబ్బు దొరికితే మీలా ఇద్దరే ప్రయాణం చేసేవాళ్లకు అది పెద్ద అండ. తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీరు వెళ్లే దారిలో, మీరు వెళ్లే కాలంలో, రాత్రి నిశ్చింతగా నిద్రపోయే చోటు ఆ క్లబ్బు చూపగలదా? అద్దానికి అంటించే స్టిక్కరు, హోటళ్లలో తగ్గింపు, ఏడాది చివర విందు ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

నాకు జడ్చర్ల దగ్గర బాడీ బిల్డింగ్ షెడ్డు ఉంది. వ్యాన్లు, ట్రావెలర్లు క్యారవాన్లుగా మార్చి ఇస్తుంటాం. మా ఇంట్లోనూ ఒక బండి ఉంది, పిల్లలతో బాగానే తిరుగుతాం. ఏ క్లబ్బులోనూ నాకు పదవి లేదు, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోను. షెడ్డుకు వచ్చే యజమానులు ఎక్కడ హాయిగా ఆగారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో చెబుతూనే ఉంటారు. అందువల్ల ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

మీ బావమరిది మాట ఆయన ఉన్న దేశానికి అక్షరాలా నిజం. అక్కడి క్యారవాన్ క్లబ్బు 1907లో మొదలైంది. 2017 నుంచి దాని పేరు క్యారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్బు. దానికంటే పాతది క్యాంపింగ్ అండ్ క్యారవానింగ్ క్లబ్బు. 1901లో సైకిళ్ల మీద తిరుగుతూ గుడారాలు వేసుకునేవాళ్లు దాన్ని పెట్టుకున్నారు. ఈ క్లబ్బులకు సొంత స్థలాలు ఉన్నాయి. అంతకంటే పెద్ద బలం వాటికి చట్టం ఇచ్చింది. బ్రిటన్‌లో 1960లో క్యారవాన్ స్థలాల మీద ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఎవరైనా తమ భూమిలో క్యారవాన్లు నిలపనివ్వాలంటే స్థానిక సంస్థ నుంచి లైసెన్సు తీసుకోవాలి. అయితే గుర్తింపు పొందిన క్లబ్బు ఒక రైతు పొలాన్ని చూసి సర్టిఫికెట్ ఇస్తే, అక్కడ ఐదు బండ్ల వరకు లైసెన్సు లేకుండానే ఆగవచ్చు. షరతు ఏమిటంటే వచ్చేవాళ్లు ఆ క్లబ్బు సభ్యులై ఉండాలి. పల్లెల్లో, సముద్రం ఒడ్డున, కొండల పక్కన అలాంటి చిన్న చిన్న మజిలీలు దేశమంతటా ఉన్నాయి. సభ్యత్వం లేనివాడికి ఆ గేట్లు తెరుచుకోవు. కాబట్టి అక్కడ చందా కట్టడమంటే ఆ గేట్లన్నిటికీ కలిపి ఒక తాళంచెవి కొనుక్కోవడమే. బావమరిది గారు అంత ధీమాగా చెప్పడానికి కారణం అదే.

మన దగ్గర క్లబ్బుకు అలాంటి అధికారం ఇచ్చే చట్టం ఏదీ లేదు. కేరళ, మహారాష్ట్ర 2021లో క్యారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానాలు ప్రకటించాయి. అవి కూడా బండ్ల నిర్వాహకులకు, పార్కులు కట్టేవాళ్లకు ఉద్దేశించినవే తప్ప క్లబ్బులకు అధికారాలు ఇచ్చేవి కావు. మన దక్షిణ తెలంగాణలో క్లబ్బు మజిలీ అంటే ఒక బత్తాయి తోట యజమానితోనో, ఒక రిసార్టు మేనేజరుతోనో, ఒక ఫంక్షన్ హాలు వాళ్లతోనో కుదుర్చుకున్న మాట. ఆ మాట ఎంత గట్టిదైతే మీ చందాకు అంత విలువ. మేనేజరు మారితే మాట నిలుస్తుందా, పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాలు ఖాళీ ఉంటుందా, తోటలో కాయ కోతకు వచ్చిన రోజుల్లో మీ బండికి చోటు ఉంటుందా అన్నవి అడగాలి. మంచి క్లబ్బయితే ప్రతి మజిలీకి యజమాని సంతకంతో ఒక అంగీకార పత్రం ఉంచుకుంటుంది. అందులో రాత్రికి ఎంత, ఎన్ని బండ్లు, ఏయే నెలల్లో అని రాసి ఉంటుంది. వాట్సాప్‌లో మ్యాపు గుర్తులు పంపి ‘వెళ్లి నా పేరు చెప్పండి’ అనే క్లబ్బుకు ఆరు వేలు ఎందుకు?

ఎండాకాలంలోనే చూడమని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు పగలు 44, 45 డిగ్రీలు మామూలు. బండి రేకు ఆ వేడినంతా పీల్చుకుని రాత్రి పది దాటినా లోపలికి వదులుతూనే ఉంటుంది. ఏసీ లేకుండా పెద్దవాళ్లు అందులో పడుకోలేరు, పడుకోకూడదు కూడా. మీ బండిలో 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఉందని రాశారు. పన్నెండు వోల్టుల లెక్కన అది దాదాపు రెండున్నర యూనిట్ల కరెంటు. ఒక టన్ను ఏసీ దాని మీద రెండు గంటలు, మహా అయితే రెండున్నర గంటలు నడుస్తుంది. పది గంటలకు ఏసీ వేసుకుంటే అర్ధరాత్రి దాటగానే చెమటతో లేస్తారు. సౌర పలకలు ఎన్ని పెట్టినా రాత్రి పూట ఆదుకోవు. కాబట్టి మన జిల్లాల్లో మజిలీ అంటే మొదట ప్లగ్గు, ఆ తర్వాతే చెట్టు నీడా, చెరువు గాలీ.

ఆ ప్లగ్గు ఎలాంటిదో కూడా చూడాలి. గోడకున్న మామూలు 5 ఆంపియర్ల ప్లగ్గు వెయ్యి వాట్లకు కాస్త పైన మాత్రమే మోస్తుంది. ఏసీ, దానితో పాటు మేడమ్ గారి కరెంటు పొయ్యి కలిపితే అది కాలిపోతుంది. 15 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. బండి నిలిపాక వైరు చుట్టను పూర్తిగా విప్పి పరచండి. చుట్ట మీద ఉంచే ఏసీ వేస్తే లోపలి పొరలు వేడెక్కి తొడుగు కరుగుతుంది. మా షెడ్డుకు అలా అతుక్కుపోయిన వైర్లు వస్తూనే ఉంటాయి. ప్లగ్గు పెట్టి మెయిన్ వేశాక, చేతితో ముట్టుకోకముందే టెస్టర్ తీసి బండి తలుపు పిడికి ఆనించి చూడండి. టెస్టర్ వెలిగిందంటే ఆ ఆవరణలో ఎర్తింగ్ సరిగా లేదని, బండి బాడీలోకి కరెంటు దిగుతోందని అర్థం. వెంటనే మెయిన్ ఆపి ప్లగ్గు తీసేయండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు మీ బండిలో ఉండి తీరాలి. లేకపోతే ఎవరి దగ్గరైనా సరే, ముందు అది పెట్టించుకోండి.

తోటల్లో మజిలీల గురించి ఇంకో మాట. వ్యవసాయ మోటారుకు ఇచ్చిన ఉచిత కరెంటు నుంచి తీగ లాగి బండ్లకు ఇచ్చేవాళ్లు ఉన్నారు. సేద్యానికి ఇచ్చిన కనెక్షన్‌ను వేరే పనికి వాడటం విద్యుత్ చట్టం, 2003లోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం. అధికారులు వస్తే రెట్టింపు రేటుతో లెక్కకట్టి వసూలు చేస్తారు. ఆ భారం పడేది ఆశ్రయమిచ్చిన రైతు మీద. మనకు చోటిచ్చిన మనిషిని మనమే ఇరికించినట్టవుతుంది. పైగా మోటారు స్టార్టరు పక్కన వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండి మీ ఇన్వర్టరు పాడవుతుంది. అందుకే మజిలీలో మీటరు ఇంటి కనెక్షనా, వాణిజ్య కనెక్షనా అని క్లబ్బును అడగండి. ఈ సంగతి పట్టించుకున్న క్లబ్బయితే వెంటనే జవాబు చెబుతుంది.

నీళ్ల విషయం నల్లగొండ వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేసిందో మీరు కళ్లారా చూసినవారు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చని మన ప్రమాణం. ఫ్లోరైడ్ తీసేయడానికి నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన పటిక, సున్నం పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు ప్రపంచమంతా ఉంది. ఇక్కడ క్యారవాన్ యజమానులు మరిచిపోయే సంగతి ఒకటుంది. బండి ట్యాంకులో బోరు నీళ్లు పట్టి, కాచి చల్లార్చి తాగితే సరిపోతుందనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. ట్యాంకులో బోరు నీళ్లు పడితే వాటిని స్నానానికి, గిన్నెలకు వాడుకోండి. తాగడానికి, వండడానికి ప్రభుత్వం నల్లాల్లో ఇచ్చే మిషన్ భగీరథ నీళ్లనో శుద్ధి చేసిన నీళ్లనో వేరే డబ్బాల్లో పెట్టుకోండి. మజిలీ జాబితాలో ‘నీటి వసతి కలదు’ అని రాస్తే చాలదు. బోరా, భగీరథ నల్లానా అని రాయాలి. ఆ ఒక్క గడి ఉందా లేదా అన్నది చూస్తే ఆ క్లబ్బు మన ప్రాంతాన్ని తెలిసి పనిచేస్తోందో, ఎక్కడి పట్టికనో తెచ్చి ఇక్కడ అంటించిందో తెలిసిపోతుంది.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ పైకి అడగరు, నేను అడగమంటాను. మీ బండిలో పెట్టె మరుగుదొడ్డి ఉంటే రెండు మూడు రోజులకోసారి ఆ పెట్టె ఖాళీ చేయాలి. అందులో పోసే నీలి మందుల్లో కొన్ని ఫార్మాల్డిహైడ్‌తో చేసినవి. వాటిని తోట యజమాని సెప్టిక్ ట్యాంకులో పోస్తే అందులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి, నెల తిరక్కుండానే ట్యాంకు కంపు కొడుతుంది. ఆ తర్వాత ఆయన ఏ క్యారవాన్‌నూ గేటు దాటనివ్వడు. సెప్టిక్ ట్యాంకుకు హాని చేయని మందు వాడమని, చెరువుల్లో, కాల్వల్లో ఏమీ ఒలకబోయవద్దని సభ్యులకు నియమం పెట్టి, పాటించనివాళ్లను తీసేసే క్లబ్బు మజిలీలు పదికాలాలు నిలుస్తాయి. మిగతావాళ్ల జాబితా ఏటా చిక్కిపోతుంది.

మీరు చూడాలనుకున్న చోట్లలో నాగార్జునసాగర్, సోమశిల, ఆలంపూర్, మన్ననూరు వైపు అడవి ఉన్నాయి. సాగర్‌లో 2022లో బుద్ధవనం తెరిచాక ఏడాది పొడవునా జనం ఉంటున్నారు. డ్యామ్ గేట్లు ఎత్తిన రోజుల్లో మాత్రం బండి నిలపడమే కష్టం, ఆ రోజుల్లో క్లబ్బు మజిలీ నిజంగా అక్కరకొస్తుంది. సోమశిలలో కృష్ణ వెనుక జలాల ఒడ్డున పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి. ఆలంపూర్‌కు కర్నూలు దగ్గర కాబట్టి లాడ్జీలకు కొదవ లేదు. జాతరల రోజులు ముందే చూసుకోండి. కార్తీకంలో కురుమూర్తి వైపు, రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరప్పుడు సూర్యాపేట దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీద మీ అంత పెద్ద బండితో ఇరుక్కుంటే గంటలు పోతాయి.

అడవి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. దారిలో బండి ఆపి దిగడం, పొయ్యి వెలిగించడం నిషేధం. ఏ క్లబ్బయినా ఫర్హాబాద్ దగ్గర అడవిలో రాత్రి బస అని జాబితాలో చూపిస్తే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి చూపమనండి. చూపలేకపోతే ఆ జాబితాలో మిగతా మజిలీలనూ నమ్మలేం. ఆ వైపు వెళ్లినప్పుడు మన్ననూరులో అటవీ శాఖ కాటేజీ తీసుకుని బండిని ఆవరణలో పెట్టుకోవడమే మంచి పద్ధతి. పులి తిరిగే చోట మనం రాత్రిపూట దీపాలు వెలిగించి మాట్లాడుకుంటూ కూర్చోకపోవడం దానికి మనం ఇచ్చే మర్యాద.

ఇక డబ్బు లెక్క. మూడేళ్లకు చూస్తే ప్రవేశ రుసుము పది వేలు, చందా పద్దెనిమిది వేలు, మొత్తం 28,000 రూపాయలు. ఏడాదికి పన్నెండు రాత్రులు క్లబ్బు మజిలీల్లో ఆగితే మూడేళ్లలో ముప్పై ఆరు రాత్రులు, అంటే రాత్రికి దాదాపు 780 రూపాయలు. దానిపైన తోట యజమానికి ఇచ్చేది వేరు. నాలుగు రాత్రులే ఆగితే రాత్రికి 2,300 దాటుతుంది. ఆ డబ్బుకు ఒక మంచి గది తీసుకుని, స్నానం అక్కడే చేసి, బండిని వాళ్ల ఆవరణలో పెట్టుకోవచ్చు. మీ ప్రయాణాలు నాలుగైదు అన్నారు. మన జిల్లాల్లో చుట్టాలు లేని ఊరు అరుదు. దేవరకొండలో తోడల్లుడు, వనపర్తిలో వియ్యంకులు ఉంటే వాళ్ల వాకిట్లో కాకుండా తోటలో పడుకుంటానంటే ఒప్పుకుంటారా? అందుకని చుట్టాల ఇళ్ల రాత్రులు తీసేసి, లాడ్జి రాత్రులు తీసేసి, మిగిలినవెన్నో కాగితం మీద వేసుకోండి. ఎనిమిది దాటితే క్లబ్బు గురించి ఆలోచించవచ్చు. లోపే ఉంటే మీ అబ్బాయి మాటే సరైనది.

క్లబ్బు కరపత్రంలో దారిలో బండి ఆగిపోతే సాయం అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. దానికోసం చందా కట్టనక్కర్లేదు. జాతీయ రహదారి మీద ఏ ఇబ్బంది వచ్చినా 1033కు ఫోను చేయవచ్చు. అంబులెన్సు, గస్తీ వాహనం, క్రేను కోసం జాతీయ రహదారుల సంస్థ పెట్టిన నంబరు అది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. బీమా పాలసీతో పాటు దారి సాయం అనే అదనపు కవరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. తీసుకునేటప్పుడు మీ బండి బరువుకు, ఎత్తుకు సరిపోయే క్రేను పంపుతారా అని అడిగి తీసుకోండి. కారును లాగే క్రేను మీ ట్రావెలర్‌ను లాగలేదు. పెట్రోలు బంకుల్లో గాలి, తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలని నియమం ఉంది, అవి ఎవరి దయా కాదు.

చాలామంది ఫాస్టాగ్ వార్షిక పాసును కూడా ఈ లెక్కలో కలుపుతున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఆ పాసు ఏడాది లేదా 200 ప్రయాణాలు, ఏది ముందైతే అది. మొదలుపెట్టినప్పుడు దాని ధర 3,000 రూపాయలు. ఒక టోలు గేటు దాటితే సాధారణంగా ఒక ప్రయాణం, అంటే ఆ ధరకు గేటుకు 15 రూపాయలు పడింది. పంతంగి, కొర్లపహాడ్ గేట్లు తరచుగా దాటేవాళ్లకు ఇది ఎంత మేలో వేళ్ల మీద లెక్కకు వస్తుంది. కానీ అది సొంత వాడకం కార్లు, జీపులు, వ్యాన్లకే. ట్రావెలర్ టోలు లెక్కలో మినీ బస్సు తరగతిలోకి వెళ్తుంది కాబట్టి మీ క్యారవాన్‌కు వర్తించదు. కారుకు తీసుకోండి. క్లబ్బు వాళ్లు టోలులో ఆదా అని చెబితే ఈ సంగతి గుర్తు చేయండి.

సభ్యుల మధ్య బండ్లు అద్దెకు ఇచ్చి పుచ్చుకునే పథకం ఉన్న క్లబ్బుకు దూరంగా ఉండండి. ‘ఖాళీగా ఉన్నప్పుడు బండి మాకివ్వండి, రోజుకు ఇంత వస్తుంది, చందా దానంతటదే తిరిగొస్తుంది’ అంటారు. మీది తెల్ల నంబరు ప్లేటు, సొంత వాడకం బీమా. అద్దెకు తిప్పుతుండగా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించడానికి అది చాలు. గాయపడినవాళ్లకు కట్టాల్సిన పరిహారం మీ పింఛను మీదికి వస్తుంది.

క్లబ్బు రిజిస్టరైన సంస్థేనా అని చూడటం మరవద్దు. మన రాష్ట్రంలో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ఉంది. దాని కింద నమోదైతే నంబరు ఉంటుంది, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, లెక్కలు సభ్యుల ముందు ఉంచాలి. రసీదు ఇవ్వకుండా ఒక మనిషి ఫోను నంబరుకు డబ్బు పంపమంటే పంపకండి.

ఇన్ని ప్రశ్నలు వేయమన్న నేనే క్లబ్బుల వల్ల జరిగే గొప్ప మేలును కూడా చెప్పాలి. మీరిద్దరే బయలుదేరుతున్నారు. మీకు ఒంట్లో బాగాలేకపోతే అంత బండిని మేడమ్ గారు ఒంటరిగా ఇంటికి తేలేరు. నాలుగు బండ్లు కలిసి వెళ్తే ఆ భయం ఉండదు. ఒకరికి వైరింగ్ తెలుస్తుంది, ఒకరి దగ్గర అదనపు జాకీ ఉంటుంది, ఒకరు వైద్యులై ఉంటారు. సాయంత్రం బండ్లన్నీ ఒక వరుసలో నిలిపి, మధ్యలో చాప పరుచుకుని, ఒకరి జొన్న రొట్టె ఇంకొకరి పచ్చి పులుసుతో తినే ఆనందం నేను బాగా ఎరుగుదును. మా పిల్లలకు ఆ పరిచయాలే ఇప్పటికీ నిలిచాయి. మీ వయసువాళ్లు ఉన్న క్లబ్బయితే, ఏడాదికి కనీసం రెండు సామూహిక ప్రయాణాలు నిజంగా జరిపే క్లబ్బయితే, మజిలీలు కాస్త తక్కువైనా చందా కట్టమనే చెబుతాను. కిందటేడు ఎవరెవరు ఎక్కడికి వెళ్లారో అడిగి, వెళ్లినవాళ్లలో ఇద్దరితో మాట్లాడండి. ముఖ్యంగా వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లతో మేడమ్ గారిని మాట్లాడమనండి. మజిలీల్లో స్నానపు గదుల తలుపులకు గడియలు ఉన్నాయో లేదో వాళ్లే చెబుతారు.

ప్రవేశ రుసుము గురించి బేరమాడండి. మొదటి ఏడాది చందా మాత్రమే కట్టి, రెండో ఏడాది కొనసాగితే ప్రవేశ రుసుము ఇస్తానని చెప్పండి. తమ మజిలీల మీద నమ్మకం ఉన్నవాళ్లయితే ఒప్పుకుంటారు. జీవితకాల సభ్యత్వం అని పాతిక, ముప్పై వేలు అడిగితే మాత్రం వద్దు. క్లబ్బుల ఆయుష్షు దాన్ని నడిపే ఇద్దరు ముగ్గురి ఓపికను బట్టి ఉంటుంది.

ఒక విషయం మీ ప్రశ్నలో లేదు, కానీ మీరు రాసిన దాన్ని బట్టి అడుగుతున్నాను. బండి మార్పించారు సరే, ఆర్‌సీలో ఆ మార్పు ఎక్కిందా? మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా బండిని మార్చకూడదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. మీ పని చేసిన షెడ్డు వాళ్లు ఏ కాగితాలు ఇచ్చారో తీసి చూడండి. సీట్లు తీసేసి మంచాలు వేసిన బండి ఆర్‌సీలో ఇంకా పదిహేడు సీట్ల బండిగానే ఉంటే బీమా కంపెనీకి అది పెద్ద సాకు. లైసెన్సు గురించి దిగులు పడకండి. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే తేలికపాటి వాహనాల లైసెన్సు చాలు. రవాణా వాహనాలకు కూడా ఇదే వర్తిస్తుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

క్లబ్బు వాళ్లకు ఫోను చేయడానికి ముందే నల్లగొండ రవాణా కార్యాలయానికి ఆర్‌సీ, బీమా పాలసీ, షెడ్డు బిల్లులు పట్టుకుని వెళ్లండి. అక్కడ ఏమన్నారో రాస్తే తర్వాత ఏం చేయాలో చెబుతాను. బండిని జడ్చర్ల తీసుకొస్తే వైరింగ్, ఎర్తింగ్, బ్రేకరు నేనే చూసి పెడతాను, దానికి డబ్బేమీ అక్కర్లేదు.